ఇన్సులిన్, మాత్రలు రెండూ వాడుతున్నా షుగర్ దారికి రావట్లేదా?

మాత్రలకు తోడు ఇన్సులిన్ మొదలైన ఇంట్లో మామూలుగా జరిగేది ఇదే: మీటర్‌లో అంకె పెరిగితే రెండు యూనిట్లు ఎక్కించడం, తగ్గితే ఓ మాత్ర మానేయడం. ఉత్త అంకెను చూస్తే తప్పు సూదిదో మాత్రదో ఎప్పటికీ తేలదు. అది ఏ టైములో చూసిన అంకె అన్నది కావాలి. అందుకని ముందు ఓ నాలుగు రోజులు కాగితం మీద రాయండి, ఎప్పుడు తిన్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, సూది ఎన్ని యూనిట్లు, ఏ టైముకి షుగర్ ఎంత. ఆ కాగితం లేకుండా వెళ్తే డాక్టరైనా ఊహించి చెప్పాల్సిందే. ఇక్కడ రాసేదంతా టైప్ 2 వాళ్ల కోసం, షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.

పొద్దున పరగడుపునే ఎక్కువ ఉంటోంది

రాత్రి వేసుకునే, చాలా గంటలు మెల్లగా పనిచేసే బేసల్ ఇన్సులిన్ పనితనం పరగడుపు షుగర్‌లోనే కనిపిస్తుంది. ఎక్కువసార్లు కారణం చాలా మామూలుది, డోసు చాలకపోవడం. సాధారణంగా రోజుకు 10 యూనిట్లతోనో, కిలో బరువుకు 0.1 నుంచి 0.2 యూనిట్ల లెక్కనో మొదలుపెడతారు. అది మొదలుపెట్టే డోసు మాత్రమే. పరగడుపు షుగర్ 80 నుంచి 130 మధ్యకు వచ్చేదాకా మూడు రోజులకోసారి 2 యూనిట్లు పెంచుకుంటూ పోవడం మామూలు పద్ధతి, కానీ ఆ 10 దగ్గరే నెలల తరబడి ఆగిపోయి "ఇన్సులిన్ కూడా పనిచేయట్లేదు" అనేవాళ్లు ఎంతమందో. పెద్దవాళ్లకు టార్గెట్ వేరే ఉండొచ్చు, అది మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

పెంచే ముందు రెండు చూడాలి. పడుకునేటప్పటికే షుగర్ 220 ఉంటే పొద్దున ఎక్కువ రావడంలో వింతేముంది, సంగతి రాత్రి భోజనంలో ఉంది. రెండోది, ఒకట్రెండు రోజులు అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి చూడండి. 70 కంటే తక్కువ వస్తే డోసు పెంచడం కాదు, 10 నుంచి 20 శాతం తగ్గించాల్సి వస్తుంది. మూడింటికి బాగుండి ఆరింటికి పెరిగిందంటే తెల్లవారేముందు ఒంట్లో పెరిగే హార్మోన్ల పని అది.

పరగడుపు బాగుంది, హెచ్‌బీఏ1సీ మాత్రం దిగట్లేదు

హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష. అది దిగట్లేదంటే తిన్నాక పెరుగుతోంది. దానికి బేసల్ పెంచుకుంటూ పోతే లాభం లేదు. డోసు కిలోకు 0.5 యూనిట్లు దాటిందా, అంటే 70 కిలోల మనిషికి 35 యూనిట్లు, లేదా పడుకునేటప్పటికీ పొద్దుటికీ మధ్య షుగర్ 50 అంకెల కంటే ఎక్కువ దిగిపోతోందా? అయితే ఆ ఇన్సులిన్ తన పని కాని పని చేస్తోందన్నమాట. భోజనం ముందు వేసే ఇన్సులిన్ గానీ, జీఎల్‌పీ-1 రకం ఇంజెక్షన్ (ఇన్సులిన్ కాదు, ఆకలి తగ్గించి తిన్నాక షుగర్ పెరగకుండా చూసేది) గానీ కలపాలా అని డాక్టర్‌ను అడగాల్సిన టైమ్ అది.

ఇక్కడే ఇంకో తప్పు కూడా దొరుకుతుంది. "సూది మొదలైందిగా, ఇంక గోలీలెందుకు" అని మెట్‌ఫార్మిన్ మానేస్తారు. లివర్ నుంచి వచ్చి పడే గ్లూకోజ్‌ను అదుపు చేసేది అదే, దాన్ని ఉంచితే ఇన్సులిన్ తక్కువ డోసుతో సరిపోతుంది, బరువు కూడా అంతగా పెరగదు. కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 లోపుకి పడిపోతే మానేయాల్సిందే, లేకపోతే సొంతంగా ఆపకండి.

పగటిపూట ఉన్నట్టుండి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం

ముందు అనుమానించాల్సింది గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలను. మీరు తిన్నా తినకపోయినా ఇవి పాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ తీస్తూనే ఉంటాయి. దానిపైన బయటి ఇన్సులిన్ కూడా పడి, భోజనం ఓ గంట లేటయిందంటే షుగర్ దబ్బున పడిపోతుంది. ఇన్సులిన్ కలిపినప్పుడు ఈ మాత్రల డోసు తగ్గించడం మామూలే, భోజనం ముందు వేసేది గానీ ప్రీమిక్స్ (రెండు రకాల ఇన్సులిన్ కలిపి వచ్చేది) గానీ మొదలుపెడితే చాలాసార్లు పూర్తిగా ఆపేస్తారు. మీ చీటీలో రెండూ అలాగే ఉన్నాయా? ఫోన్ చేసి అడగండి.

70 లోపు వస్తే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి, ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, అకార్బోజ్ లేదా వోగ్లిబోజ్ వాడేవాళ్లకు చక్కెర తినిపిస్తే అంత త్వరగా పనిచేయదు, ఎందుకంటే ఆ మాత్ర చక్కెరను పేగులో విడగొట్టనివ్వదు. గ్లూకోజే కావాలి, జేబులో గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోవాలి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకు గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రతో పడిన షుగర్ ఓసారి లేచాక మళ్లీ పడొచ్చు, కిడ్నీ దెబ్బతిన్న పెద్దవాళ్లలో మరీను, కాబట్టి వాళ్లను ఇంట్లో పెట్టుకు కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

కాళ్ల వాపు, ఆయాసం, వారంలోనే బరువు పెరగడం

మీ చీటీలో పియోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర ఉందేమో చూడండి. ఇన్సులిన్‌తో కలిస్తే ఒంట్లో నీరు పట్టించే గుణం ఎక్కువవుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది అసలు పనికిరాదు. ఆయాసం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి, షుగర్ మాత్రం 180

అంకె బాగుంది కదా అని మోసపోయేది ఇక్కడే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్‌ను మూత్రంలోకి తోసేస్తాయి కాబట్టి మీటర్‌లో పెద్దగా కనిపించదు, లోపల మాత్రం కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోతుంటాయి. తిండి మానేయడం, జ్వరం, ఇన్సులిన్ ఒక్కసారిగా తగ్గించేయడం, ఇవే ఎక్కువగా కారణాలు. అలాంటప్పుడు ఆ మాత్ర ఆపి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ఫలానా మాత్ర వేసుకుంటున్నానని చెప్పి కీటోన్ టెస్ట్ చేయమనండి. ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఆపరేషన్ ఉంటే ఈ మాత్రలను కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు, సర్జన్‌కు గుర్తు చేయండి.

అదే డోసు, అదే తిండి, ఓ రోజు 95, ఓ రోజు 260

ఇలా ఉంటే మందు మార్చే ముందు పొట్ట మీద చేత్తో తడిమి చూడండి. ఒకే చోట పొడిచి పొడిచి గడ్డలాగా, రబ్బరులాగా అయిపోయి ఉంటుంది. మా నాన్న ఏళ్ల తరబడి బొడ్డు పక్కన అరచేయంత చోటులోనే వేసుకున్నారు, అక్కడైతే నొప్పి తెలియదని. నొప్పి తెలియదు నిజమే, ఇన్సులిన్ కూడా సరిగ్గా ఎక్కదు. చోటు మార్చండి, సూది ప్రతిసారీ కొత్తది వాడండి. అయితే మంచి చోటికి మారిన రోజు నుంచి అదే డోసు ఎక్కువైపోయి షుగర్ పడొచ్చు, అందుకే డోసు తగ్గించాలా అని ముందే అడిగి మారండి.

సిరంజితో వేసుకునేవాళ్లు వయల్ మీదా సిరంజి మీదా ఒకే అంకె ఉందో లేదో చూసుకోవాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం ఇన్సులిన్‌ను 100 గీతల సిరంజిలో 40 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 16 యూనిట్లే, తారుమారైతే రెండున్నర రెట్లు ఎక్కువ వెళ్తుంది, అది ప్రాణం మీదికొస్తుంది. పెన్ అయితే ముందు 2 యూనిట్లు గాల్లోకి వదలాలి, గుచ్చాక పది అంకెలు లెక్కపెట్టి తీయాలి. తెల్లగా మబ్బుగా ఉండే రకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి, గిలకొట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పారేయాల్సిందే, తెరిచిన వయల్ చాలా రకాలకు 28 రోజులే, తెరిచిన తేదీ దాని మీదే రాసి పెట్టండి.

షుగర్ అంతా బాగుంది, పాదాల్లో తిమ్మిర్లు

షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 తగ్గి కూడా ఇలాగే అవుతుంది, ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది, తక్కువుంటే బీ12 మాత్రలో ఇంజెక్షన్లో ఇస్తారు, మెట్‌ఫార్మిన్ మానాల్సిన పని సాధారణంగా ఉండదు.