ఒకే ఫోన్‌ను రెండు ఫోన్లుగా వాడుకోవడం ఎలా?

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండదు. వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్యల ధర ఎంత పలికిందో చూడటానికి అదే, మేత కొట్టుకు డబ్బు పంపడానికీ అదే, రాత్రి కాపలా ఉండే కుర్రాడు సినిమా చూసుకోవడానికీ అదే. "అబ్బయా, ఫోనొకసారి ఇయ్యి" అంటే కాదనలేం. పంట పట్టినప్పుడు లక్షలు పడే ఖాతా కూడా అందులోనే ఉంటుంది. అందుకే ఆ ఫోన్‌లో గోడ కట్టుకోవాలి.

ఒకే యంత్రం వేర్వేరు యంత్రాల్లా పనిచేసేలా చేయడమే వర్చువలైజేషన్. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి పీకేవీఎం అనే హైపర్‌వైజర్ (ఒకే ఫోన్‌లో వేరే యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్) ఆండ్రాయిడ్‌లో భాగమైంది. అది నడిపే వర్చువల్ మెషీన్‌కు సొంత కెర్నెల్, అంటే ఫోన్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, ఉంటుంది కాబట్టి గోడ చాలా గట్టిది. కానీ అన్ని ఫోన్లలోనూ అది ఉండదు, ఉన్నా మనం నేరుగా వాడేది తక్కువ. మనం ఈరోజే పెట్టుకోగలిగింది రెండో యూజర్. కెర్నెల్ ఒకటే అయినా యాప్‌లు, ఫొటోలు, ఖాతాలు ఎవరివి వాళ్లకే ఉంటాయి.

చాలామంది బ్యాంకు యాప్‌ను తీసుకెళ్లి తాళం వేసిన చోట దాస్తారు. నేను తిరగేసి చేయమంటాను. సిమ్ ఒక్కటే, ఓటీపీలు వచ్చేది అసలు యూజర్ దగ్గరికే. ఎస్ఎంఎస్‌లు చదివే దొంగ యాప్ అక్కడే ఉంటే, బ్యాంకు యాప్‌ను ఎక్కడ దాచినా ఓటీపీ పోతుంది. కాబట్టి డబ్బు యాప్‌లు అసలు యూజర్‌లోనే ఉండాలి. ఆటలు, వీడియోలు, కొత్తగా ఎవరో చెప్పిన యాప్‌లు రెండో యూజర్‌లోకి పోవాలి.

1. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యూజర్స్ తెరిచి, కొత్త యూజర్‌ను చేర్చండి. సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో 'యూజర్స్' అని కొట్టినా దొరుకుతుంది.

2. ఆ యూజర్‌కు కాల్స్, ఎస్ఎంఎస్ ఇవ్వాలా అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన మీట ఇదే.

3. అసలు యూజర్‌కు కొత్త పిన్ పెట్టండి, చెరువు దగ్గర ఎవరికీ చెప్పొద్దు. వేరేవాళ్లకు ఇచ్చేటప్పుడు రెండో యూజర్‌లోకి మార్చి ఇవ్వండి. ఒక్కసారికే అయితే గెస్ట్ చాలు, అయిపోగానే అందులోవన్నీ చెరిపేయొచ్చు.

4. అసలు యూజర్‌లో వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే' అనుమతి తీసేయండి. పీఎం కిసాన్ అనీ, ఆర్టీఓ చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఫైళ్లు) దూరేది ఈ దారినే.

సామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటికి యూజర్స్ ఉండదు, యాప్‌లను తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఉంటుంది. ఆండ్రాయిడ్ 15లో అలాంటిదే ప్రైవేట్ స్పేస్ వచ్చింది. రెండూ చూసేవాళ్ల కళ్ల నుంచి కాపాడతాయి. ప్రైవేట్ స్పేస్‌కు తాళం వేస్తే అందులోని యాప్‌లు ఆగిపోతాయి, నోటిఫికేషన్లు కూడా రావు. వెంటనే తెలియాల్సిన బ్యాంకు అలర్ట్‌లకు అది పనికిరాదు.

ఒకే యాప్‌ను రెండుగా నడిపిస్తామంటూ ప్లే స్టోర్‌లో దొరికే క్లోన్ యాప్‌లను మాత్రం గోడ అనుకోవద్దు. వాటిలో చాలావరకు లోపల నడిచే యాప్‌లన్నీ ఆ ఒక్క క్లోన్ యాప్ అనుమతులనే పంచుకుంటాయి. ఒకటి చెడితే పక్కదానికీ ముప్పే.

ర్యామ్ తక్కువున్న ఫోన్ ఇద్దరు యూజర్లతో కాస్త మందగిస్తుంది. పని అయ్యాక రెండో యూజర్ సెషన్ ముగించండి.

ఏపీకే ఇప్పటికే వేసేశారని తెలిస్తే టెన్షన్ పడి దాన్ని తీసేస్తూ కూర్చోవద్దు. ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. పక్కవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.