కీళ్లవాతం పాఠాలు – 4: ఇరవై ఎనిమిది కీళ్ల లెక్క

కిందటి పాఠంలో ఉదయపు బిగుతును గడియారం పెట్టి కొలిచాం. నిద్ర లేచిన వేళ, వేళ్లు వదులైన వేళ వారం రోజులు రాసుకున్నారు కదా, ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి.

ఈసారి కీళ్లు లెక్కపెడదాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మన ఈ కీళ్లవాతం, ఎంత చురుగ్గా ఉందో తెలుసుకోవడానికి డాక్టర్లు చూసే కీళ్లు 28. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిపి 8. మిగతా 20 చేతివేళ్లలోనే ఉన్నాయి: ప్రతి వేలూ అరచేతితో కలిసే చోట ఒకటి, దాని పై కణుపు ఒకటి. నాలుగు వేళ్లకూ గోటి పక్క కణుపును వదిలేయండి, ఈ జబ్బు సాధారణంగా దాని జోలికి పోదు. పాదాల కీళ్లు ఈ లెక్కలో లేవు. నాకది పెద్ద లోటుగానే తోస్తుంది, ఎందుకంటే కొందరికి జబ్బు మొదలయ్యేదే అక్కడ. వాటిని అడుగున విడిగా రాయండి.

బొటనవేలితో ఒక్కో కీలునూ నొక్కండి, మీ గోరు తెల్లబడేంత, అంతే. మీ బొటనవేలే నొప్పిగా ఉంటే ఇంట్లోవాళ్లతో నొక్కించుకోండి. నొప్పికి ఒక గడి, వాపుకు ఒక గడి. ఈ రెండూ కలిపేయొద్దు. కీలు లోపలి పొర మీద మన రోగనిరోధక శక్తే దాడి చేయడంతో ఆ పొర ఉబ్బుతుంది. అందుకే ఈ వాపు వేలికి మెత్తగా తగులుతుంది. ఎముక పెరిగిన కణుపైతే రాయిలా ఉంటుంది. నొప్పి మాత్ర నొప్పిని అణుస్తుంది గానీ ఆ దాడిని ఆపదు. నొప్పి లేని వాపును నేను చాలాకాలం డాక్టరుకు చెప్పనేలేదు. మీరు తప్పకుండా చెప్పండి.

ఆ దాడిని తగ్గించడానికి ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. మీరు అది వాడుతుంటే, వేసుకునే రోజు పేరు అదే పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి. అది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి, కాలిపోతూ, జ్వరం కూడా వస్తే లెక్క పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు.

అభ్యాసం: వారానికోసారి, ఒకే వేళకు, నాలుగు వారాలు లెక్క రాయండి. ఆ అంకెలతో డాక్టరును ఏమని అడగాలో అయిదో పాఠంలో చూద్దాం.