రెసిపీ చదివి చేసేటప్పుడు కొలతలు తప్పు కాకుండా ఉండాలంటే

స్టవ్ వెలిగించే ముందే రెసిపీ మొత్తం చివరిదాకా చదవండి, ఎందుకంటే "రాత్రంతా నానబెట్టాలి" అన్న ముక్క సరిగ్గా ఆరో లైన్లో ఉంటుంది, మీరు అక్కడికి వచ్చేసరికి చుట్టాలు గుమ్మంలో ఉంటారు.

తర్వాత, అది ఏ దేశం వాళ్లు రాసిందో చూడండి. అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, పాత బ్రిటిష్ కప్పయితే 284. మీరు టీ తాగే కప్పు ఇందులో ఏదీ కాకపోవచ్చు. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మిల్లీలీటర్లే గానీ ఆస్ట్రేలియాలో 20. ఓవెన్ వేడి 350 అని ఉంటే అది ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్‌లో 175 దరిదాపు. మాకు తెలిసినావిడ తన ఓవెన్లో 350 కనబడక, ఉన్నంతలో పెద్ద అంకె 250 కదా అని అక్కడ పెట్టేసింది, కేకు పైన బొగ్గు, లోపల పచ్చిపిండి.

అన్నిటికన్నా ఎక్కువ కొంప ముంచేది చెంచా. 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూన్ అంటే మూడు టీస్పూన్లు. బేకింగ్ పౌడర్ కన్నా వంట సోడా మూడింతలు ఘాటు. మా అక్క ఒకసారి టీస్పూన్ బేకింగ్ పౌడర్‌కి బదులు టేబుల్ స్పూన్ సోడా వేసింది, అంటే తొమ్మిదింతలు! కేకు గిన్నె దాటి ఓవెన్లోకి పొంగి, నడిమధ్య కూలిపోయింది, నోట్లో పెట్టుకుంటే అచ్చం సబ్బే. అందుకే డబ్బా మీద పేరు పైకి చదివి మరీ వేయండి.

మైదా మాత్రం దయచేసి తూకం వేయండి. మెల్లగా చెంచాతో నింపిన కప్పులో 120 గ్రాములు పడితే, డబ్బాలో ముంచి అదిమిన కప్పులో 150 దాకా పడుతుంది, ఆ తేడాకే కేకు ఇటుకైపోతుంది. పైగా "కప్పు జల్లించిన మైదా" అంటే ముందు జల్లించి అప్పుడు కొలవాలి, "కప్పు మైదా, జల్లించాలి" అంటే కొలిచాకే జల్లించాలి. చిన్న డిజిటల్ కాటా ఉంటే ఈ గొడవలు చాలావరకు పోతాయి. గిన్నె పెట్టి సున్నా నొక్కడం మర్చిపోకండి, లేదంటే గిన్నె బరువు కూడా పిండిలో కలుస్తుంది.

రెట్టింపు చేస్తున్నారా? రెట్టింపు అంకెలన్నీ ముందే కాగితం మీద రాసుకోండి, మనసులో లెక్కేస్తే సగం దాకా వచ్చాక ఏదో ఒకటి పాత కొలతతోనే పడిపోతుంది, అదెప్పుడూ పంచదారే.