ప్లాస్మా ఆర్క్ టార్చ్‌కు మోడల్ కట్టే పద్ధతి

కాథోడ్ (రుణ ధ్రువం), ఆనోడ్ (ధన ధ్రువం) మధ్య విద్యుత్ ఆర్క్‌తో వాయువును ప్లాస్మాగా వేడిచేసే పరికరమే ప్లాస్మా ఆర్క్ టార్చ్. దాని కంప్యూటర్ మోడల్ మొదటిసారి కడుతుంటే వాయువుగా ఆర్గాన్, 2డీ అక్షసౌష్ఠవ జ్యామితి (అక్షం చుట్టూ అంతటా ఒకేలా ఉండే ఆకారం), స్థానిక ఉష్ణ సమతౌల్యం (ప్రతి బిందువులో ఎలక్ట్రాన్లకూ బరువైన కణాలకూ ఒకే ఉష్ణోగ్రత అన్న ఊహ) చాలు. ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, ఎంథాల్పీ (వాయువులోని ఉష్ణశక్తి) సమీకరణాలకు విద్యుత్ పొటెన్షియల్ సమీకరణం జోడించండి. ఎంథాల్పీ సమీకరణంలో జూల్ వేడి (కరెంటు పారడం వల్ల పుట్టే వేడి) కలిపి రేడియేషన్ నష్టం తీసేయాలి. ద్రవ్యవేగ సమీకరణంలో లోరెంజ్ బలం (కరెంటుపై అయస్కాంత క్షేత్రం చూపే బలం) మరవొద్దు.

వాయు ధర్మాలను స్థిరాంకాలుగా పెడితే అంతా వృథా. 300 నుంచి 25,000 కెల్విన్ దాకా పట్టికలు ఇవ్వండి. 15,000 దగ్గర అయనీకరణ (అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోవడం) వల్ల ఆర్గాన్ విశిష్టోష్ణం శిఖరంలా లేస్తుంది, అక్కడ పట్టికలో ఉష్ణోగ్రతల అంతరాలు దగ్గరగా ఉండాలి.

చల్లని ఆర్గాన్‌లో విద్యుత్ వాహకత దాదాపు సున్నా. అందుకే 300 కెల్విన్ నుంచి మొదలుపెడితే ఆర్క్ అసలు రాజుకోదు. కాథోడ్ నుంచి ఆనోడ్ దాకా 10,000 కెల్విన్ గొట్టంలాంటి దారి వేసి మొదలుపెట్టండి. ఆనోడ్ గోడ దగ్గరా ఇదే తంటా: చల్లని పొర కరెంటును అడ్డుకుంటుంది. గోడను ఆనుకున్న సుమారు 0.1 మిల్లీమీటర్ల మేర కృత్రిమంగా ఎక్కువ వాహకత ఇవ్వడం మామూలే. మొరటు ఉపాయమే, కానీ పనిచేస్తుంది.

కాథోడ్ కొసన కరెంటు సాంద్రతను మధ్యలో చదరపు మీటరుకు 10 కోట్ల ఆంపియర్ల స్థాయిలో, అంచుకు పోయేకొద్దీ తగ్గేలా ఇవ్వండి.

ఫలితాన్ని నమ్మేముందు ఆర్క్ వెంట ప్రతి అడ్డుకోతలో మొత్తం కరెంటును కూడి, మీరిచ్చిన కరెంటే వస్తోందో చూడండి. వోల్టేజీ కొలతకన్నా ఎక్కువొస్తే ముందు స్థానిక ఉష్ణ సమతౌల్య ఊహనే అనుమానించండి.