కృష్ణ ఒడ్డున గాలం వేసే ముందు కళ్ల జాగ్రత్తలు

- కళ్లజోడు మీద యూవీ 400 అని, అంటే ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపుతుందని, ఉందో లేదో చూడండి. ఉత్త నల్లద్దాలు వద్దే వద్దు. ఆ చీకటికి కంటిపాప పెద్దదై, అద్దం ఆపని అతినీలలోహిత కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. పోలరైజ్డ్ అని రాసి ఉంటే సరిపోదు, అది నీటి మెరుపును తగ్గిస్తుందంతే.

- చుట్టూ వెడల్పు అంచున్న టోపీ పెట్టుకోండి.

- ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు నిండుగా ఉంటే ఎండ కింది నుంచీ కళ్లలో కొడుతుంది. ఏళ్ల తరబడి గాలం వేసిన మా బాబాయికి ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి ఎర్రటి కండ పాకింది. శుక్లాలూ రావచ్చు.

- ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా వెళ్లకండి. మబ్బు పట్టినా కళ్లజోడు తీయొద్దు.

- పిల్లాణ్ని తీసుకెళ్తే వాడికీ ఒక జోడు కొనండి.