దిస్, దట్, దీజ్, దోజ్: ఇంగ్లీషు నిర్దేశక పదాలను సరిగ్గా వాడడం ఎలా

ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టిన వారికి తొలి పాఠాల్లోనే ఎదురయ్యే నాలుగు మాటలు దిస్, దట్, దీజ్, దోజ్. దగ్గర ఉన్న ఒక్క వస్తువుకు దిస్, దూరాన ఉన్న ఒక్క వస్తువుకు దట్, దగ్గర ఉన్నవి ఒకటికంటే ఎక్కువైతే దీజ్, దూరాన ఉన్నవి ఒకటికంటే ఎక్కువైతే దోజ్ అని పాఠాల్లో చెబుతారు. ఆ సూత్రం నిజమే కాని, అందులో సగం తెలుగువారికి పుట్టుకతోనే తెలుసు. ఆ, ఈ, ఏ అనే త్రికం పేరు విననివారు కూడా ‘ఈ కుర్చీ’ అనవలసిన చోట ‘ఆ కుర్చీ’ అనరు. అందుచేత దగ్గర, దూరాల మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కరలేదు. శ్రద్ధ పెట్టవలసినవి రెండు విషయాలు: మొదటిది ఏకవచన బహువచనాల పొంతన, రెండవది మనం ‘అది’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట ఇంగ్లీషు రెండు వేర్వేరు మాటలు కోరడం.

అయినా దగ్గర, దూరాల సంగతి ఒకసారి చూసి ముందుకు వెళదాం. దగ్గర అనేది కొలబద్దతో తేలేది కాదు, మాట్లాడే మనిషి నిలబడిన చోటును బట్టి తేలేది. ఒక బల్లకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారనుకోండి. మొదటి వ్యక్తి తన చేతిలోని పెన్నును చూపిస్తూ “దిస్ ఈజ్ మై పెన్” అంటాడు. రెండో వ్యక్తి అదే పెన్ను వైపు చూస్తూ “దట్ ఈజ్ ఎ నైస్ పెన్” అంటాడు. పెన్ను ఇతని చేతికి వచ్చిన మరుక్షణం ఇతని మాట దిస్‌గానూ, అవతలి వ్యక్తి మాట దట్‌గానూ మారిపోతాయి. ఫోన్ తెర మీద ఫొటో చూపిస్తున్నప్పుడు ఆ ఫొటోలోని మనిషి ఎంత దూరదేశంలో ఉన్నా “దిస్ ఈజ్ మై సిస్టర్” అనే అంటారు, ఎందుకంటే వేలు పెట్టి చూపిస్తున్నది చేతిలో ఉన్న బొమ్మను. పక్క గదిలో ఏదో చప్పుడైతే మాత్రం “వాట్ ఈజ్ దట్ నాయిజ్?” అని అడుగుతారు. ఇవన్నీ తెలుగులో మనం చేసే పనే కాబట్టి ఇక్కడ తప్పులు అరుదు.

అసలు చిక్కు వచనం దగ్గర మొదలవుతుంది. తెలుగులో నామవాచకం ముందు వచ్చే ‘ఈ’, ‘ఆ’ ఎన్నడూ మారవు. ‘ఈ పుస్తకం’ అన్నా, ‘ఈ పుస్తకాలు’ అన్నా ముందున్న మాట ఒకటే, బహువచనమంతా చివరి ‘లు’ మీదే ఉంటుంది. ఇంగ్లీషులో అలా కాదు. “దిస్ బుక్” అన్నది బహువచనంలో “దీజ్ బుక్స్” అవుతుంది, “దట్ బుక్” అన్నది “దోజ్ బుక్స్” అవుతుంది. పైగా మార్పు అక్కడితో ఆగదు, క్రియ కూడా దానితోపాటే మారాలి: “దిస్ బుక్ ఈజ్ న్యూ”, “దీజ్ బుక్స్ ఆర్ న్యూ”. మూడు చోట్లా పొంతన కుదిరితేనే వాక్యం నిలుస్తుంది. “దిస్ బుక్స్ ఆర్ న్యూ” అనేది మనవాళ్ళ నోట తరచుగా వినిపించడానికి కారణం నిర్లక్ష్యం కాదు, మారని ‘ఈ’ అలవాటే.

దీన్ని దిద్దుకోవడానికి తెలుగులోనే ఒక ఉపాయం ఉంది. నామవాచకం ముందు వచ్చే ‘ఈ’ మారకపోయినా, ఒంటరిగా నిలిచే ‘ఇది’, ‘ఇవి’ మారతాయి. కాబట్టి ‘ఈ పుస్తకాలు’ అని మనసులో అనుకున్నప్పుడు, వాటిని చూపించి ‘ఇది’ అంటామా, ‘ఇవి’ అంటామా అని ఒక్క క్షణం సరిచూసుకోండి. ‘ఇవి’ అని జవాబు వస్తే దీజ్, ‘ఇది’ అని వస్తే దిస్. ‘ఆ’ విషయంలోనూ అంతే: ‘అవి’ అయితే దోజ్, ‘అది’ అయితే దట్. కొన్నాళ్ళు ఇలా చేస్తే ఈ సరిచూసుకోవడం దానంతటదే జరిగిపోతుంది, దాని కోసం ఆగనక్కరలేదు.

అయితే ఈ ఉపాయం అన్ని మాటలకూ పనిచేయదు, పనిచేయని చోట్లను విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో నీళ్ళు, పాలు, డబ్బులు బహువచనాలు. ‘ఈ నీళ్ళు చల్లగా ఉన్నాయి’ అంటాం తప్ప ‘ఉంది’ అనం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, మనీ లెక్కపెట్టడానికి వీలులేని పదార్థాల కింద లెక్క, కనుక ఎప్పుడూ ఏకవచనంలోనే ఉంటాయి. అందువల్ల “దిస్ వాటర్ ఈజ్ కోల్డ్”, “దట్ మిల్క్ ఈజ్ ఫ్రెష్”, “దిస్ మనీ ఈజ్ యువర్స్” అనాలి. “దీజ్ వాటర్” అనకూడదు. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ కూడా ఇదే కోవలోవి. గదిలో పది కుర్చీలు ఉన్నా “దిస్ ఫర్నిచర్” అనే అంటారు. న్యూస్ అనే మాట చివర బహువచనం లాంటి ధ్వని ఉన్నా అది ఏకవచనమే, కాబట్టి “దిస్ న్యూస్ ఈజ్ ట్రూ” అనాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా నడిచేవీ ఉన్నాయి. కత్తెర మనకు ఒక్కటే, ప్యాంటు ఒక్కటే, కళ్ళజోడు ఒక్కటే. ఇంగ్లీషులో సిజర్స్, ట్రౌజర్స్, గ్లాసెస్ రెండు భాగాలున్న వస్తువులు కావడంతో ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి. చేతిలో ఒక్క కత్తెరే ఉన్నా “దీజ్ సిజర్స్ ఆర్ షార్ప్” అనాలి. ఏకవచనంలోనే చెప్పాలనుకుంటే “దిస్ పెయిర్ ఆఫ్ సిజర్స్” అనవచ్చు. ఇక పీపుల్, చిల్డ్రన్, మెన్, విమెన్ అనే మాటల చివర ‘స్’ కనిపించదు కాబట్టి అవి ఏకవచనాలని భ్రమ కలుగుతుంది. అవన్నీ బహువచనాలే. “దిస్ పీపుల్” అన్నది బాగా చదువుకున్నవారి రాతల్లో కూడా కనిపించే తప్పు. “దీజ్ పీపుల్”, “దోజ్ చిల్డ్రన్” అన్నవే సరైనవి.

వచనం తేడా నోటి మాటలో తెలియాలంటే ఉచ్చారణ కూడా తోడు రావాలి. దిస్ అనే మాటలో అచ్చు హ్రస్వం, దీజ్‌లో దీర్ఘం. హ్రస్వ దీర్ఘాల తేడా మన భాషలో ప్రాణం లాంటిది కాబట్టి అది కష్టం కాదు. కష్టమైనది చివరి హల్లు. దీజ్, దోజ్ చివర వచ్చే ధ్వనిని తెలుగు లిపిలో ‘జ్’ అని రాస్తున్నా, అది ‘జలం’ అన్నప్పటి జకారం కాదు. ‘స్’ అని పొడవుగా పలుకుతూ, నాలుక కదపకుండా గొంతును మోగించండి, ఆ ధ్వని వస్తుంది. గొంతు మీద వేలు ఆనించి చూస్తే ‘స్’ అన్నప్పుడు కదలిక ఉండదు, ఈ ధ్వని పలికినప్పుడు సన్నగా అదురుతుంది. మాట మొదట్లోని ధ్వనికి నాలుక కొస పై పళ్ళ అంచుకు తేలికగా తగిలి గాలి బయటికి జారాలి. మన ‘ద’ పలికినా ఎదుటివారికి అర్థమవుతుంది కనుక, మొదట్లో దాని గురించి బెంగపడనక్కరలేదని నా అభిప్రాయం.

మనుషుల విషయానికి వస్తే తెలుగు మర్యాద ఇంగ్లీషు వ్యాకరణానికి అడ్డుపడుతుంది. ‘వీరు మా నాన్నగారు’ అన్న వాక్యంలో గౌరవం కోసం బహువచనం వాడాం. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తెచ్చి “దీజ్ ఆర్ మై ఫాదర్” అంటే వినేవారు తికమకపడతారు. గౌరవం ఎంత ఉన్నా ఒక్క మనిషికి దిస్ అనే అనాలి: “దిస్ ఈజ్ మై ఫాదర్”. తల్లిదండ్రులిద్దరినీ కలిపి పరిచయం చేసేటప్పుడు మాత్రం “దీజ్ ఆర్ మై పేరెంట్స్” అనాలి. మనిషిని దిస్ అంటే వస్తువును చూపినట్టు ఉంటుందేమోనని కొందరు జంకుతారు గాని, పరిచయ వాక్యంలో ఇది పూర్తిగా మర్యాదైన పద్ధతి. పరిచయం అయిన తరువాతి వాక్యం నుంచి హీ, షీ, దే అనే మాటలకు మారిపోవాలి: “దిస్ ఈజ్ మై టీచర్. షీ టీచెస్ మ్యాథ్స్.” తెలుగులో చనువు కొద్దీ ఆడపిల్లను ‘అది వచ్చింది’ అంటాం. ఇంగ్లీషులో అక్కడ దట్‌కు చోటు లేదు, “షీ కేమ్” అనే అనాలి. మనిషిని వేలితో చూపి మాట్లాడవలసి వస్తే దట్ పక్కన నామవాచకం చేర్చవచ్చు: “దట్ బాయ్ ఈజ్ మై క్లాస్‌మేట్.”

వాక్య నిర్మాణంలో రెండు జాగ్రత్తలు చాలు. ‘ఇది పుస్తకం’ అన్న తెలుగు వాక్యంలో క్రియ లేదు, ఇంగ్లీషులో ఉండి తీరాలి. “దిస్ బుక్” అంటే ‘ఈ పుస్తకం’ అని మాత్రమే అర్థం, ‘ఇది పుస్తకం’ అనడానికి “దిస్ ఈజ్ ఎ బుక్” అనాలి. రెండో జాగ్రత్త ఏమిటంటే, ఈ నాలుగు మాటలు ఉన్న చోట ‘ది’, ‘ఎ’ గాని, మై, యువర్ లాంటివి గాని వెంటనే పక్కన చేరకూడదు. ‘నా ఈ పుస్తకం’ అన్నది మంచి తెలుగే అయినా, “మై దిస్ బుక్” ఇంగ్లీషు కాదు. అవసరమైతే “దిస్ బుక్ ఆఫ్ మైన్” అనాలి. సంఖ్య మాత్రం నిస్సంకోచంగా పక్కన చేరుతుంది: “దీజ్ టూ బుక్స్”.

ఇప్పుడు ‘అది’ సంగతి. తెలుగులో ‘అది’ రెండు పనులు చేస్తుంది. దూరాన ఉన్న వస్తువును వేలితో చూపేది అదే, ఇంతకుముందు ప్రస్తావించిన వస్తువును మళ్ళీ తలచేదీ అదే. ఇంగ్లీషులో మొదటి పనికి దట్, రెండో పనికి ఇట్. ‘నిన్న ఒక బ్యాగు కొన్నాను, అది బాగుంది’ అన్నప్పుడు బ్యాగును ఎవరికీ చూపించడం లేదు, ఆ మాటను తిరిగి తలుస్తున్నాం, అంతే. కాబట్టి “ఐ బాట్ ఎ బ్యాగ్ యెస్టర్‌డే. ఇట్ ఈజ్ గుడ్” అనాలి. ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడూ ఇదే తేడా పనిచేస్తుంది. “వాట్ ఈజ్ దిస్?” అని అడిగితే “ఇట్ ఈజ్ ఎ క్లాక్” అన్నది సహజమైన జవాబు. “ఆర్ దీజ్ యువర్ కీస్?” అంటే “యెస్, దే ఆర్” అనాలి, “యెస్, దీజ్ ఆర్” అనకూడదు. ప్రశ్నలోనే చూపించడం అయిపోయింది కనుక జవాబులో మళ్ళీ చూపించవలసిన పని లేదు. ఈ ఒక్క అలవాటు కుదిరితే మాట్లాడే ఇంగ్లీషు ఎంతో తేటపడుతుంది.

వస్తువు స్థానంలో ఒక మాటో, సంగతో ఉన్నప్పుడు మళ్ళీ దట్ అవసరమవుతుంది. ఎదుటివారు చెప్పినదానికి స్పందిస్తూ ‘అది నిజమే’ అనడానికి “దట్ ఈజ్ ట్రూ” అంటారు. తాను ఇప్పుడు చెప్పబోయేదాన్ని ‘ఇది వినండి’ అనడానికి “లిజన్ టు దిస్” అంటారు. వెనకటి సంగతికి దట్, రాబోయే సంగతికి దిస్ అని స్థూలంగా గుర్తుంచుకోవచ్చు. ఫోన్‌లో తన పేరు చెప్పుకునేటప్పుడు “దిస్ ఈజ్ లక్ష్మి” అనడం వాడుక. అవతల ఉన్నది ఎవరని అడగడానికి అమెరికన్లు ఎక్కువగా “హూ ఈజ్ దిస్?” అంటే, బ్రిటిష్‌వారు “హూ ఈజ్ దట్?” అంటారు.

కాలానికి కూడా దగ్గర, దూరాలు ఉంటాయి. నడుస్తున్న వారం “దిస్ వీక్”, నడుస్తున్న సంవత్సరం “దిస్ ఇయర్”, గడిచిపోయిన ఒకానొక రోజు “దట్ డే”. ‘ఈ ఉదయం’ అనడానికి “దిస్ మార్నింగ్” చాలు, దాని ముందు ‘ఆన్’, ‘ఇన్’ లాంటివి పెట్టకూడదు. ‘ఈ రాత్రి’ అనడానికి “దిస్ నైట్” అనరు, “టునైట్” అంటారు. అలాగే ‘ఈ రోజు’ అనడానికి “టుడే”. ‘ఈ రోజుల్లో’ అనడానికి “దీజ్ డేస్” అని మాత్రమే అంటారు గాని, ‘ఆ రోజుల్లో’ అనడానికి “ఇన్ దోజ్ డేస్” అని ముందు ‘ఇన్’ చేరుస్తారు. దీనికి కారణం వెతకడం కంటే రెండింటినీ నాలుగైదు వాక్యాల్లో వాడి నోటికి అలవాటు చేసుకోవడం మేలు.

అభ్యాసానికి పుస్తకం కూడా అవసరం లేదు. మీ ముందున్న బల్ల మీద ఒక్కటిగా ఉన్న వస్తువునూ, జంటగా ఉన్న వస్తువులనూ తాకుతూ దిస్, దీజ్‌లతో వాక్యాలు చెప్పండి. తరువాత లేచి గదికి అవతలి వైపు వెళ్ళి, అవే వస్తువుల గురించి దట్, దోజ్‌లతో చెప్పండి. ప్రతి వాక్యం తరువాత ఇట్ లేదా దే తో మొదలయ్యే ఇంకొక వాక్యం చేర్చండి: “దోజ్ ఆర్ మై షూస్. దే ఆర్ ఓల్డ్.” మౌనంగా కాక బిగ్గరగా చెప్పడం ముఖ్యం, ఎందుకంటే దిస్, దీజ్‌ల తేడా చెవికి తెలియాలి.

చదివేటప్పుడు ఎదురయ్యే ఒక చిక్కును కూడా ముందే తెలుసుకోవడం మంచిది. దట్ అని కనిపించిన ప్రతి మాటా చూపించే మాట కాదు. “ఐ నో దట్ హీ కేమ్” అన్న వాక్యంలో దట్ అంటే మన ‘అని’: అతను వచ్చాడని నాకు తెలుసు. “ది బుక్ దట్ ఐ బాట్” అన్నప్పుడు దానికి విడిగా తెలుగు మాటే ఉండదు, ‘నేను కొన్న పుస్తకం’ అన్నదాంట్లో ‘కొన్న’ అనే రూపంలోనే కలిసిపోతుంది. ఈ రెండు పనుల్లోనూ అది బహువచనంలో దోజ్‌గా మారదు, పలికేటప్పుడు కూడా బలం లేకుండా జారిపోతుంది. రెండు రకాలూ పక్కపక్కన వచ్చే వాక్యం ఒకటి చూడండి: “ఐ నో దట్ దట్ బుక్ ఈజ్ యువర్స్.” ఆ పుస్తకం నీదని నాకు తెలుసు అని దీని అర్థం. ఇందులో తేలిపోయే మొదటి దట్ ‘అని’, ఒత్తి పలికే రెండో దట్ ‘ఆ’. బుక్ స్థానంలో బుక్స్ పెడితే రెండోదే దోజ్ అవుతుంది, మొదటిది అలాగే ఉండిపోతుంది.