పచ్చిక పని, మూడో పాఠం: గేటు కొలిచాకే మిషన్

రెండో పాఠం చివర ఒక పని అప్పగించాను. మీ చుట్టుపక్కల పది లాన్లు చూసి, ఒక్కోదానికి నాలుగు వివరాలు రాసుకోమన్నాను: విస్తీర్ణం, గడ్డి రకం, గేటు వెడల్పు, అంచుల మొత్తం పొడవు. ఆ కాగితం ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాసుకోనివారు ముందు ఆ పని ముగించుకుని రండి. కాగితం లేకుండా దుకాణానికి వెళితే, దుకాణదారు దగ్గర ఏది మిగిలిపోయి ఉందో అదే మీకు కావలసినది అయిపోతుంది.

హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపుల నుంచి బెంగళూరు వచ్చి తోటపని చేసుకుంటున్నవారు తక్కువేమీ కాదు. ఒకరి కింద పనిచేయడం మాని సొంతంగా లాన్లు పట్టాలనుకున్నప్పుడు వారు మొదట అడిగేది, "ఎన్ని హెచ్‌పీ మిషన్ తీసుకోవాలి?" అని. ఆ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పను. ముందు ఒక లెక్క చేద్దాం.

కోత ఎంతసేపు?

18 అంగుళాల మోవర్, అంటే తోసుకుంటూ గడ్డి కోసే మిషన్, ఒకసారి నడిస్తే అడుగున్నర వెడల్పు కోస్తుంది. మోవర్ వెనక మామూలు నడక గంటకు 3 కిలోమీటర్లు, అంటే నిమిషానికి దాదాపు 164 అడుగులు. రెండూ గుణిస్తే నిమిషానికి 246 చదరపు అడుగులు. ఒక వరుస మీద ఇంకో వరుస కాస్త ఎక్కించాలి, చివర తిరగాలి, గడ్డి పెట్టె ఖాళీ చేయాలి. వీటన్నిటికీ నలభై శాతం తీసేయండి. నిమిషానికి 150 చదరపు అడుగులు మిగులుతుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి, సిరీస్ అంతా వాడతాం.

బెంగళూరు లేఅవుట్లలో 30×40 స్థలం అంటే మొత్తం 1,200 చదరపు అడుగులు. ఇల్లు, కారు నిలిపే చోటు పోగా మిగిలే లాన్ 200 చదరపు అడుగులు ఉంటే గొప్ప. మన అంకె ప్రకారం దాన్ని కోయడానికి నిమిషంన్నర చాలు. కానీ ఆ లాన్ 10×20 కొలతలో ఉందనుకుంటే దాని చుట్టూ 60 అడుగుల అంచు ఉంటుంది. నడుమ నడవడానికి పరిచిన రాళ్లుంటే ఒక్కో రాయి చుట్టూ ఇంకో నాలుగైదు అడుగులు. ఇలాంటి ఇంట్లో మీ సమయమంతా అంచుల దగ్గర, గడ్డి ఊడ్చి ఎత్తడంలో, బండి మీద నుంచి సామాను దించి ఎక్కించడంలో పోతుంది. ఇంజిను ఎంత బలమైనదైనా ఆ సమయం తగ్గదు.

ఇప్పుడు సర్జాపూర్ రోడ్డులోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం తీసుకోండి. 10,000 చదరపు అడుగుల లాన్ అంటే కోతే గంటా ఏడు నిమిషాలు. అక్కడ మోవర్ వెడల్పు మూడు అంగుళాలు పెరిగితే తేడా తెలుస్తుంది.

కాబట్టి విడి ఇళ్లతో మొదలుపెడతారా, సముదాయాలతోనా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండింటికీ ఒకే సెట్టు సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. మీ కాగితంలోని పది లాన్లలో ఏడెనిమిది ఏ వైపు ఉంటే ఆ సెట్టు కొనండి. మిగతా రెండు మూడు ప్రస్తుతానికి వదిలేయండి, అవి ఎంత ఊరించినా సరే.

గేటు వెడల్పు ఎందుకు రాయమన్నానో కూడా ఇక్కడే చెప్పాలి. 30×40 ఇళ్లలో వెనక పెరట్లోకి దారి ప్రహరీకి, గోడకు మధ్య ఉన్న సందు. అందులో గ్యాస్ సిలిండర్లు, ఏసీ డబ్బా, నీటి పైపులు. 21 అంగుళాల మోవర్ అంటే కోత వెడల్పు మాత్రమే 21. చక్రాలు, బయటి అంచు కలిపితే ఇంకా ఎక్కువ. సందులో దూరినా తిప్పుకోవడానికి చోటుండదు. దుకాణంలో టేపు తీసి బయటి కొలత కొలవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

గడ్డిని బట్టి బ్లేడు

ఈ ఊళ్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేవి మూడు రకాలు.

మొదటిది గరిక జాతి. నర్సరీల్లో సెలెక్షన్-1 అని అమ్మేది కూడా ఇదే కుటుంబం. ఎండ కావాలి, వేగంగా పెరుగుతుంది, 15 నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తులో కోయించుకుంటుంది. రెండోది మెక్సికన్ గడ్డి లేదా కొరియన్ గడ్డి అని పిలిచేది. మెత్తగా కనిపిస్తుంది కానీ పోచ గట్టిది. నెమ్మదిగా పెరుగుతుంది, వదిలేస్తే గుట్టలు గుట్టలుగా ఉబ్బుతుంది. 25 నుంచి 50 మిల్లీమీటర్లు దీనికి సరిపోతాయి. మూడోది బఫెలో గడ్డి. ఆకు వెడల్పు, కాస్త నీడను తట్టుకుంటుంది కాబట్టి చెట్లున్న ఇళ్లలో వేస్తారు. దీన్ని 60 మిల్లీమీటర్ల కంటే కిందికి కోస్తే మోడు బయటపడి పసుపుపచ్చగా మారుతుంది.

మూడింటికీ వర్తించే సూత్రం ఒకటుంది: ఒక కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. 30 మిల్లీమీటర్లు ఉంచాలంటే 45 దాటకముందే కోయాలి. వానల్లో గరికకు ఇది వారానికొకసారి అవుతుంది.

మోవర్లు రెండు జాతులు. సిలిండర్ మోవర్‌లో గుండ్రంగా తిరిగే బ్లేళ్లు కింద ఉన్న స్థిరమైన బ్లేడును ఒరుసుకుంటూ కత్తెర పద్ధతిలో కోస్తాయి. గరిక లాన్ మీద దీని కోతకు సాటి లేదు. చేత్తో తోసేది అయితే పెట్రోలు లేదు, చప్పుడు లేదు, స్కూటరు మీద తీసుకెళ్లవచ్చు. అయితే దీనికి నేల చదునుగా ఉండాలి. ఒక్క గులకరాయి పడితే బ్లేడు అంచు విరుగుతుంది. గడ్డి బాగా ఎదిగిపోయి ఉంటే కోయకుండా వంచేసి మీదుగా వెళ్లిపోతుంది. ఒత్తుగా అల్లుకున్న మెక్సికన్ గడ్డిలో తోస్తే మీ భుజాలకే తెలుస్తుంది. బ్లేడు సరిగ్గా అమరిందో లేదో చూడటానికి ఒక పాత పత్రిక ముక్క పెట్టి సిలిండర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కాగితం తెగాలి. నలిగితే సర్దాలి. కొనేటప్పుడు దుకాణంలోనే ఈ పరీక్ష చేయించండి.

రోటరీ మోవర్‌లో ఒకే బ్లేడు నేలకు సమాంతరంగా నిమిషానికి సుమారు మూడు వేల చుట్లు తిరిగి, వేగంతోనే గడ్డిని నరుకుతుంది. ఎదిగిన గడ్డి, ఎగుడుదిగుడు నేల, బఫెలో గడ్డి, అన్నీ దీనికి సమ్మతమే. బ్లేడు మొద్దుబారితే మాత్రం కోయడం మాని చీలుస్తుంది, మరునాటికి పోచల చివరలు తెల్లబడతాయి. యజమాని ఫోను చేసి "నీళ్లు తక్కువయ్యాయా?" అని అడిగితే ముందు మీ బ్లేడు చూసుకోండి. సానపట్టిన బ్లేడును నడిమి రంధ్రంతో గోడ మేకుకు తగిలించండి. ఒక వైపు వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. అలాగే బిగిస్తే మిషన్ అదిరి, కొన్నాళ్లకు షాఫ్టు పాడవుతుంది. బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

కోత ఎత్తు ఎంత నుంచి ఎంత వరకు మారుతుందో కూడా అడగండి. మీ కాగితంలో బఫెలో గడ్డి ఎక్కువగా ఉంటే, 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే మోవర్ మీకు పనికిరాదు.

బ్రష్ కట్టర్

పొడవాటి కడ్డీ చివర నైలాన్ తీగో బ్లేడో తిరుగుతూ కోసే మిషన్ ఇది. నన్నడిగితే చాలామందికి మొదటి ఇంజిను మిషన్ ఇదే కావాలి. అంచులు, ప్రహరీ మూలలు, ఖాళీ స్థలాల్లో నడుమెత్తు పెరిగిన కలుపు, ఇవన్నీ దీని పనులే. రెండు స్ట్రోకులది తేలిక, ధర కూడా తక్కువ, కానీ పెట్రోలులో ఆయిలు కలపాలి. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. అందాజుగా పోసేవారు ఇంజిను పిస్టన్‌ను అందాజుగానే పోగొట్టుకుంటారు. నాలుగు స్ట్రోకులదానికి కలపడం ఉండదు, పొగ, చప్పుడు తక్కువ. సముదాయాల్లో పనిచేయాలనుకుంటే ఎక్కువ పెట్టి నాలుగు స్ట్రోకులదే కొనండి.

లాన్ అంచులకు నైలాన్ తీగ తల, పొదలకు ఇనుప బ్లేడు. గోడ పక్కన ఇనుప బ్లేడు వాడకూడదు, తగిలితే మిషన్ ఒక్కసారిగా ఎదురుతన్నుతుంది. చిన్న చెట్ల మొదళ్ల దగ్గర నైలాన్ తీగ కూడా ప్రమాదమే. బెరడును చుట్టూ ఒలిచేస్తే చెట్టు కొన్ని నెలల్లో ఎండిపోతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. మొదలు చుట్టూ అడుగు మేర చేత్తోనే తీయండి. ఈ మిషన్ రాళ్లు విసురుతుంది కాబట్టి 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. కళ్లద్దాలు, చెవి మూతలు, బూట్లు మిషన్‌తో పాటే, అదే బిల్లులో కొనండి. తర్వాత కొందామంటే కొనరు.

పెట్రోలా, కరెంటా, బ్యాటరీయా

పెట్రోలు ఎక్కడైనా పనిచేస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ప్రతి 300 మీటర్లకు పెట్రోలు ఇంజిను బలం మూడున్నర శాతం తగ్గుతుంది. అంటే పెట్టె మీద రాసిన హెచ్‌పీలో పదో వంతు మీకు దక్కదు. అందుకని పెద్ద ఇంజిను కొననక్కర్లేదు. మన లాన్లకు మిగిలినది చాలు. హెచ్‌పీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, నిలవ ఉంటే కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది. ఆ మోడల్ ఇ20 పెట్రోలుకు తగినదేనా అని అడిగి కొనండి. రెండు వారాలకు మించి పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిను ఆగిపోయేదాకా నడపండి.

కరెంటు మోవర్ 1,500 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంటి చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే, కాబట్టి 16 ఆంపియర్ల పాయింటు కావాలి. 30 మీటర్ల తీగ అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల కేబుల్ కొనండి. సన్నటి తీగలో వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. లీకేజీ జరిగితే తెంపేసే బ్రేకరు లేని ఇంట్లో గానీ, తడి గడ్డి మీద గానీ కరెంటు మోవర్ నడపకండి. పైకం పోయినా ఫరవాలేదు.

బ్యాటరీ లెక్క తేలిక. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు అంటే 144 వాట్ అవర్లు. మోటారు సగటున 600 వాట్లు తాగితే 14 నిమిషాలు, అంటే మన అంకె ప్రకారం సుమారు 2,000 చదరపు అడుగులు. చిన్న ఇళ్లు నాలుగైదు వరుసగా చేసేవారికి ఒక బ్యాటరీ, ఒక అదనపు బ్యాటరీ చాలు. సముదాయం లాన్‌కు చాలదు.

చప్పుడు సంగతి మరవకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. పెట్రోలు మోవర్ పక్కన నిలబడితే 90 చేరుతుంది. నియమాల్లో పగలు ఉదయం 6 గంటలకు మొదలవుతుంది కానీ అపార్ట్‌మెంట్ సంఘంవారి పగలు 9 గంటలకు మొదలవుతుంది. ఒప్పందం మాట్లాడేటప్పుడే వేళలు రాయించుకోండి.

ఎండాకాలం ఏం చేస్తారు?

కొత్తవారు మరిచేది ఇదే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడటాన్ని నిషేధించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా అంది. సముదాయాల్లో శుద్ధిచేసిన మురుగునీరు ఉంటుంది కాబట్టి పచ్చిక నిలుస్తుంది. విడి ఇళ్లలో ఫిబ్రవరి నుంచి గడ్డి పెరగదు, మోవర్ మూల కూర్చుంటుంది. ఆ నెలల్లో డబ్బు తెచ్చేది కంచె మొక్కలు కత్తిరించే హెడ్జ్ ట్రిమ్మర్, 16 లీటర్ల వీపు స్ప్రేయర్, కొమ్మల కత్తెర. అందుకే విడి ఇళ్లవారు ఖరీదైన మోవర్ మీద పెట్టే డబ్బులో సగం వీటికి మళ్లించాలి. ఆకులు ఊదే బ్లోయర్ అడుగుతారేమో, వద్దు. కానుగ ఆకు రాలే రోజుల్లో కూడా దంతె, పొడవాటి చీపురు చాలు. బ్లోయర్ దుమ్మంతా పక్కింటి కారు మీదికి పంపుతుంది.

చేతి పనిముట్లలో పార, కొడవలి, కలుపు తీసే చిన్న పార, గోనెసంచులు, సానరాయి. వీటి గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు.

దుకాణంలో

బెంగళూరులో మిషన్ల దుకాణాలుండే ఎస్‌జేపీ రోడ్డులో ఒక పూట తిరగండి, కానీ మొదటి రోజు కొనకండి. మిషన్ చూపించినవారిని అయిదు విడిభాగాలు అడగండి: బ్లేడు, స్టార్టర్ తాడు, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, నైలాన్ తల. "తెప్పిస్తాం" అన్నది ఉన్నట్టు కాదు, అల్మారాలోంచి తీసి చూపించాలి. వానాకాలంలో పది రోజులు ఆగిన మిషన్ పోగొట్టే ఒప్పందాలు దాని ధరను మించుతాయి. వారంటీ ఇంటి వాడకానికా, వ్యాపారానికా అన్నది బిల్లు మీద రాయించుకోండి. చాలా మిషన్లకు ఆ రెండూ వేరు.

వాడిన మిషన్ అయితే మీరు వెళ్లేసరికి ఇంజిను చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచారంటే చల్లగా ఉన్నప్పుడు అంటుకోదని అర్థం. తాడు లాగితే గట్టిగా ఎదురుపట్టాలి, బ్లేడు తిప్పితే షాఫ్టు ఊగకూడదు.

ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా రుణం వస్తుంది. మొదటి సెట్టు అంతకు మించుతోందంటే అవసరానికి మించి కొంటున్నారని నా అభిప్రాయం. పెద్ద మోవర్ కావలసిన పని ఒకటి రెండు తగిలితే అద్దెకు తెచ్చుకోండి.

అభ్యాసం

మీ పది లాన్ల మొత్తం విస్తీర్ణాన్ని 150తో భాగించండి, కోత నిమిషాలు వస్తాయి. అంచుల మొత్తం పొడవులో ప్రతి పది అడుగులకు ఒక నిమిషం వేసుకోండి. రెండింటిలో ఏది ఎక్కువైతే మీ డబ్బులో పెద్ద భాగం ఆ పని చేసే మిషన్‌కు. తర్వాత ఎన్నుకున్న ప్రతి మిషన్ పక్కన మూడు అంకెలు రాయండి: బయటి వెడల్పు, బరువు, ధర. వెడల్పును గేటుతో, బరువును మీ బండితో పోల్చి, కుదరనివి కొట్టేయండి. మిగిలిన ధరల మొత్తాన్ని 36 నెలలకు పంచి, నెలకు ఎంత పడుతుందో తేల్చి ఉంచుకోండి. నాలుగో పాఠంలో చదరపు అడుగుకు రేటు కట్టేటప్పుడు ఆ అంకెతోనే మొదలుపెడతాం.